అడిగితే చెప్తాం: 21 చదరపు కిలోమీటర్ల ప్రెసిడెంటు

పోయిన నెల డీఏపీ బస్తా రేటు గురించి అడిగిన ఒక రైతుకు జవాబిస్తూ, ఎరువులకు ముడిసరుకైన ఫాస్ఫేట్ రాయి అమ్ముకుని ఒకప్పుడు తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరుసలో నిలబడి, తర్వాత అప్పులపాలైన నౌరు అనే దీవి ఒకటుందని ఒక్క వాక్యం రాశాను. ఎరువుల సంగతి అందరూ మర్చిపోయారు, ఆ వాక్యం పట్టుకున్నారు. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కుప్పపడ్డాయి. సరే, ఈసారికి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి దీని మీదే కూర్చుందాం.

*

సార్, ఆ దీవి పేరు ఫోన్‌లో కొట్టి చూస్తే మ్యాప్‌లో చుక్క కూడా సరిగ్గా కనపడలేదు. అంత చిన్న దేశానికి కూడా ప్రెసిడెంటు ఉంటాడా? ఎవరాయన, ఏం చేసిండు? గ్రూప్స్‌కు చదువుతున్నా, జీకేకు పనికొస్తది.
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జీకే కోసమే అయితే తమ్ముడూ, ఈ రెండు ముక్కలు రాసుకో. నౌరుకు స్వతంత్రం 1968 జనవరి 31న వచ్చింది, మొదటి ప్రెసిడెంటు హ్యామర్ డెరోబర్ట్. అధికారికంగా రాజధాని లేని దేశం, పార్లమెంటూ ఆఫీసులూ యారెన్ అనే చోట ఉంటాయి. ఇక మిగతాది పరీక్షలో రాదు, అయినా చదువు.

పసిఫిక్ సముద్రం మధ్యలో, భూమధ్యరేఖకు కాస్త కింద, మొత్తం 21 చదరపు కిలోమీటర్లు. మన నాగార్జునసాగర్ జలాశయం నిండితే 285 చదరపు కిలోమీటర్లు అంటారు, అంటే అందులో నౌరులు పదమూడు పడతాయి. చుట్టూ తిరిగి రావడానికి ఒకటే రోడ్డు, 19 కిలోమీటర్లు. ఈ దీవి జాతకం మార్చింది సిడ్నీలో ఒక కంపెనీ ఆఫీసులో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన రాయి. రాయిగా మారిన పాత చెక్క అనుకుని ఎవరో నౌరు నుంచి తెచ్చి పడేశారు. 1899లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగికి అనుమానం వచ్చి పరీక్ష చేస్తే మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. అప్పటికి దీవి జర్మనీ చేతిలో ఉంది. కొన్నేళ్లలోనే తవ్వకం మొదలైంది, దీవి జనానికి టన్నుకు అర పెన్నీ ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్స్ అని ఒకటి పెట్టుకుని, 42, 42, 16 శాతం చొప్పున వాటాలు పంచుకున్నాయి. ఆ రాయి బయటి మార్కెట్ కంటే తక్కువ రేటుకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రైతులకు వెళ్లేది. అక్కడి పచ్చిక బయళ్లు, గొర్రెల మందలు, వెన్న డబ్బాలు అన్నిటి వెనకా ఈ దీవి మట్టి ఉంది.

డెరోబర్ట్ పుట్టింది 1922లో. అతనికి పదేళ్లప్పుడు, 1932లో, దీవిలో పెద్ద పండుగ చేశారు. ఎందుకంటే నౌరు జనాభా 1500కు చేరింది. అంతకుముందు ఫ్లూ వచ్చి చాలామంది పోయారు, ఒక జాతిగా మిగలాలంటే కనీసం 1500 మంది ఉండాలని లెక్క వేసుకున్నారు, ఆ 1500వ బిడ్డ పుట్టిన రోజును అంగమ్ దినం అని ఇప్పటికీ చేసుకుంటారు. మన దగ్గర ఒక మోస్తరు గ్రామ పంచాయతీలో ఓటర్లే అంతకంటే ఎక్కువ ఉంటారు. ఒక దేశం మొత్తం అంతమందే అని తెలిసి పెరిగిన పిల్లవాడు రాజకీయాల్లోకి వస్తే ఎలా ఆలోచిస్తాడో, ఈ లెక్క తెలియకుండా అర్థం కాదు.

ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో చదువుకున్నాడు, తిరిగొచ్చి బడిలో టీచరయ్యాడు. 1942లో జపాన్ సైన్యం దిగింది. 1943లో నౌరు వాళ్లను 1200 మందిని ఓడలెక్కించి పసిఫిక్‌లోనే ఉన్న ట్రుక్ దీవులకు కూలి పనికి తోలుకెళ్లింది, డెరోబర్ట్ కూడా అందులోనే. ఆకలి, రోగాలు, పైనుంచి అమెరికా బాంబులు. 1946 జనవరి 31న తిరిగి నౌరు ఒడ్డున దిగిన వాళ్లు 737 మంది. పైన జీకే కోసం రాసిన స్వతంత్రం తేదీ మళ్లీ చూడు. ఆ తేదీని ఏరికోరి పెట్టుకున్నారు.

1955లో స్థానిక కౌన్సిల్‌కు ఎన్నికై, 1956లో హెడ్ చీఫ్, అంటే ఆ కౌన్సిల్‌కు పెద్ద, అయ్యాడు. అక్కడినుంచి పన్నెండేళ్లు ఒకటే పని, బేరం. ముందు రాయల్టీ పెంచమన్నాడు, తర్వాత రేటు ఎవరు నిర్ణయిస్తున్నారని అడిగాడు, చివరికి అసలు ఆ రాయి ఎవరిదని అడిగాడు. 1967లో మూడు దేశాలూ దిగొచ్చాయి. గనుల సామాను మొత్తానికి 2 కోట్ల 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు కట్టాలి, ఏడాదికి 20 లక్షల టన్నులు టన్ను 11 డాలర్లకు ఇవ్వాలి. ఆ డబ్బు రాయి అమ్మకం నుంచే కట్టేసి, 1970లో గని స్వాధీనం చేసుకున్నారు. నాకు ఈయన జీవితంలో బాగా నచ్చిన భాగం ఇదే. తుపాకీ పట్టలేదు, ఊరేగింపుల పేరు కూడా పెద్దగా లేదు, మూడు ప్రభుత్వాల ఆఫీసర్ల ముందు ఫైలు పట్టుకుని కూర్చుని, లెక్కలు అడిగి అడిగి దేశం తెచ్చుకున్నాడు.

*

అన్నా, మా నల్లమలలో యురేనియం అన్నప్పుడు మేమందరం రోడ్డెక్కి కొట్లాడినం. ఆ దీవోళ్లను కూడా ఖాళీ చేయమన్నారని విన్న. నిజమేనా? వాళ్లు ఎట్ల ఆపిన్రు?
– అమ్రాబాద్ నుంచి ఒక పాఠకుడు

నిజమే తమ్మీ. కాకపోతే మీ కథకూ వాళ్ల కథకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది, చివర చెప్తా.

1960ల మొదట్లో అందరికీ అర్థమైంది ఏంటంటే, ఇట్లాగే తవ్వుకుంటూ పోతే ముప్పై నలభై ఏళ్లలో రాయి అయిపోతుంది, దీవి నడిమధ్య మనుషులు నిలవడానికి పనికిరాకుండా పోతుంది. కాబట్టి జనాన్నే అక్కడి నుంచి ఎత్తేద్దామన్నారు. ఆస్ట్రేలియా చూపించిన చోటు క్వీన్స్‌లాండ్ తీరంలో గ్లాడ్‌స్టన్ పట్టణం పక్కన కర్టిస్ దీవి. నౌరు కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఇళ్లు కట్టిస్తాం, పనులు చూపిస్తాం, ఆస్ట్రేలియా పౌరసత్వం ఇస్తాం, స్థానిక కౌన్సిల్ నడుపుకోండి అన్నారు. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికి ఏముంది?

డెరోబర్ట్ అడిగింది ఒక్కటే. కర్టిస్ దీవి మీద మా సర్కారు మాది అవుతుందా? కాదన్నారు. మీరు కూడా ఆస్ట్రేలియన్లయి పోతారు కదా అన్నారు. అదే మాకు వద్దన్నాడు. మూడు వేల మందిని కోటి మంది ఉన్న దేశంలో కలిపితే రెండు తరాల్లో నౌరు మనిషి అనేవాడు మిగలడని ఆయన భయం. ఆయన కళ్లముందు ఒక ఉదాహరణ కూడా ఉంది. పక్కనే ఉన్న బనాబా దీవిలోనూ ఇదే కంపెనీ ఇదే రాయి తవ్వింది, 1945లో బ్రిటిష్ సర్కారు ఆ జనాన్ని తీసుకెళ్లి ఫిజీలోని రాబి దీవిలో దింపింది, వాళ్లలో చాలామంది ఇవాళ్టికీ అక్కడే ఉన్నారు. 1964లో నౌరు కౌన్సిల్ కర్టిస్ దీవి వద్దని తేల్చి చెప్పేసింది.

శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న కొల్లాపూర్, అలంపూర్ వైపు ఇళ్లలో ఎవరినైనా అడగండి, ఇల్లు కట్టిస్తాం, కొలువిస్తాం అన్న మాట ఎంత దూరం వస్తుందో చెప్తారు. ముంపు కుటుంబాలకు ఇస్తామన్న 98 జీవో ఉద్యోగం కోసం తండ్రి పెట్టుకున్న దరఖాస్తు కొడుకు వయసు దాటేదాకా తిరిగిన కుటుంబాలున్నాయి. డెరోబర్ట్‌కు 98 జీవో తెలియదు, కానీ కాగితం మీద మాటను ఎక్కడ పట్టుకోవాలో తెలుసు.

ఇప్పుడు తేడా. మీ దగ్గర 2019లో జనం, పార్టీలు, చెంచు పెంటల వాళ్లు అందరూ కలిసి మొత్తుకుంటే ఆ సెప్టెంబరులోనే తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. మీరు తవ్వకమే వద్దన్నారు. డెరోబర్ట్ తవ్వకం వద్దనలేదు. ఊరు వదలం అన్నాడు, తవ్వే హక్కు మాకే ఇవ్వండి అన్నాడు. వదలనన్న ఆ భూమినే స్వతంత్రం వచ్చాక తన చేతుల మీదుగా తవ్వించి ఓడలకెత్తాడు. లెక్క కావాలంటే, ఫాస్ఫేట్ భూముల్లో 1967కు ముందు పరాయివాళ్లు తవ్వింది సుమారు మూడో వంతు. మిగతాది చాలావరకు సొంత జెండా కింద తవ్విందే. ఆయన మీద నాకున్న పేచీ అంతా ఇక్కడే.

*

సార్, మా పాలమూరు లేబర్ పోని ప్రాజెక్టు దేశంలో లేదు. మరి ఆ దీవిలో తట్ట మోసింది ఎవరు? ఆ దీవోళ్లేనా?
– మేస్త్రీ, మక్తల్

మంచి ప్రశ్న. పెద్ద పెద్ద వ్యాసాలు రాసినవాళ్లు కూడా దీన్ని ఒక్క లైనులో దాటేస్తారు.

దీవోళ్లు తక్కువ. మొదటినుంచీ చైనా నుంచి, గిల్బర్ట్, ఎల్లిస్ దీవుల (ఇప్పటి కిరిబాటి, తువాలు) నుంచి కాంట్రాక్టు మీద తెచ్చిన కూలీలే తవ్వారు. గని అంటే మన బొగ్గు బావి లాంటిది అనుకోవద్దు. అక్కడ పగడపు సున్నపురాయి దిమ్మెలు కోరల్లాగా నిలబడి ఉంటాయి, వాటి సందుల్లో ఫాస్ఫేట్ కూరుకుని ఉంటుంది. మొదట్లో పారలతో, తర్వాత క్రేనుకు వేలాడే ఇనప కొండీతో ఆ సందుల్లోంచి గీకి తీస్తారు. తీశాక మిగిలేది ఆ తెల్లటి కోరలే, కొన్ని మనిషికి మూడు నాలుగింతలు ఎత్తు ఉంటాయి. వాటి మీద నాగలి కాదు, కాలు కూడా ఆనదు. ఇక ఓడకు ఎత్తడం ఇంకో తంటా. దీవికి అప్పట్లో రేవు లేదు, ఒడ్డు దాటితే సముద్రం ఒక్కసారిగా లోతు. అందుకని ఒడ్డు మీద నుంచి సముద్రంలోకి చాచిన పెద్ద ఇనప చేతులు కట్టారు, మొదటిది 1930లో. ఓడను బోయాలకు కట్టేసి నిలబెడితే ఆ చేతుల మీది బెల్టు నుంచి రాయి నేరుగా ఓడ కడుపులోకి జారేది.

కూలీలను పెట్టిన క్వార్టర్ల పేరు లొకేషన్. స్వతంత్రం వచ్చాక కూడా ఆ పేరు, ఆ క్వార్టర్లు, ఆ కాంట్రాక్టు మారలేదు. పౌరసత్వం లేదు, గని వాటా లేదు. డెరోబర్ట్ ట్రుక్‌లో రెండేళ్లకు పైగా కూలి బతుకు చూసినవాడు, ఈ విషయంలో ఆయన ఇంకాస్త పెద్ద మనసు చూపించి ఉండాల్సిందని నాకనిపిస్తుంది. గని మూతపడే దశకు వచ్చాక, 2006లో, జీతాలు బాకీపడి ఇరుక్కుపోయిన ఆ గిల్బర్ట్, ఎల్లిస్ దీవుల కూలీలను వాళ్ల ఊళ్లకు పంపించేశారు. డ్యాము కట్టినవాళ్ల పేర్లు శిలాఫలకం మీద ఉండవన్న సంగతి మీకు నేను చెప్పాలా మేస్త్రీ గారూ!

*

ఫాస్ఫేట్ రాయిలో ఫ్లోరిన్ ఉంటుందని మా స్కూల్లో చెప్పారు. మరి అక్కడ కూడా మా దగ్గరిలాగే కాళ్లు వంకర పోయేవా?
– పదో తరగతి విద్యార్థిని, మర్రిగూడ

నువ్వు సరిగ్గానే విన్నావమ్మా, ఆ రాయిలో ఫ్లోరిన్ ఉంటుంది. కానీ మన ఫ్లోరోసిస్‌కు కారణం వేరు. మన నేల కింద గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి, బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు ఆ రాళ్లలో అంత నానుతాయి, ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు పట్టేస్తుంది. నౌరులో నది లేదు, వాగు లేదు. వానొస్తే ఇంటి కప్పు మీది నీళ్లు పట్టుకోవాలి, కరువొస్తే అదీ లేదు. అందుకని ఒక ఏర్పాటు ఉండేది. రాయి తీసుకెళ్లడానికి ఖాళీగా వచ్చే ఓడ తేలిపోకుండా బరువు కోసం మంచినీళ్లు నింపుకుని వచ్చేది. ఆ నీళ్లు దింపి రాయి ఎక్కించేవాళ్లు. దీవి వాళ్ల బిందె నిండాలంటే వాళ్ల కాళ్ల కింది నేల ఓడ ఎక్కాలి. ఇప్పుడు సముద్రపు నీళ్లను శుద్ధి చేసే యంత్రాలు పెట్టుకున్నారు.

వాళ్లకు పట్టుకున్న రోగం షుగరు. సొంత తోటలు, చేపలు వదిలేసి డబ్బాల్లో వచ్చే తిండికి అలవాటు పడ్డారు. 1970ల మధ్యలో డాక్టర్లు పరీక్ష చేస్తే పెద్దవాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఉందని తేలింది. అప్పట్లో ప్రపంచంలోనే బాగా ఎక్కువగా ఉన్న చోట్లలో అదొకటి.

*

ఎకరం కోట్లు పలికినప్పుడు మావోళ్లు ఫార్చ్యూనర్లు కొన్నరు, ఇప్పుడు ఈఎంఐ కట్టలేక అమ్ముకుంటున్నరు. మీరు చెప్పే ప్రెసిడెంటు చేసింది కూడా ఇంతే కదా? దానికి ఇంత బిల్డప్ ఎందుకు?
– రియల్ ఎస్టేట్, షాద్‌నగర్

మీ మాటలో సగం ఒప్పుకుంటా. మిగతా సగం దగ్గర ఆయన తరఫున కాస్త వాదిస్తా.

1973, 74లో మొరాకో ఫాస్ఫేట్ రేటు పెంచేసింది, ప్రపంచ మార్కెట్లో ధర నాలుగైదు రెట్లు ఎగిరింది. ఏడెనిమిది వేల జనం ఉన్న దీవికి అంత డబ్బు వరదలా వచ్చి పడితే ఏమవుతుంది? ఆదాయపు పన్ను లేదు. వైద్యం ఫ్రీ, చదువు ఫ్రీ, దీవిలో లేని చదువైతే ఆస్ట్రేలియాకు పంపి చదివించేవాళ్లు. 19 కిలోమీటర్ల రోడ్డు మీద ఇంటింటికీ కార్లు. ఎయిర్ నౌరు అని సొంత విమాన సంస్థ, ఐదారు జెట్ విమానాలు, జపాన్ దాకా, హాంగ్‌కాంగ్ దాకా సగం ఖాళీ సీట్లతో తిరిగేవి. మెల్‌బోర్న్ నడిబొడ్డున 52 అంతస్తుల నౌరు హౌస్ కట్టారు, 1977లో తెరిచినప్పుడు ఆ నగరంలో అదే ఎత్తైనది. ఫాస్ఫేట్ అంటే పిట్టల రెట్టేనని అక్కడి జనం దానికి రెట్ట టవర్ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నవ్వేవాళ్ల పచ్చిక పెరిగింది కూడా ఆ రెట్టతోనే, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆయన తరఫు వాదన. వచ్చిందంతా ఊదేయలేదు. రాయి అయిపోయే రోజు ఒకటి వస్తుందని తెలిసి, ఆదాయంలో కొంత తీసి ఫాస్ఫేట్ రాయల్టీ ట్రస్ట్ అని పెట్టారు. ఒక దశలో అందులో వంద కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైనే ఉంది. ఆ ఫార్చ్యూనర్ల వాళ్లలో ఎంతమంది పిల్లల పేరు మీద ఎఫ్‌డీ వేశారు చెప్పండి? ఆలోచన మంచిదే. దాన్ని చూసుకునే పద్ధతి మాత్రం లేదు. లెక్కలు జనం ముందు పెట్టే అలవాటు లేదు, అప్పట్లో పార్లమెంటులో ఉన్నదే 18 మంది, అందులో ఎవరు ఎవరికి చుట్టమో లెక్కపెట్టుకుంటే ప్రతిపక్షం అనేది మిగలదు. కూర్చుని సలహాలు చెప్పే పెద్దమనుషులు బయటినుంచి బోలెడు మంది వచ్చారు, మెల్‌బోర్న్ నుంచి గువామ్, హవాయి దాకా హోటళ్లు, భవనాలు కొనిపించారు. ఆయన పోయిన మరుసటి ఏడాదే లండన్‌లో ఒక నాటకానికి దేశం డబ్బు పెట్టుబడి పెడితే అది కొద్ది వారాల్లోనే చుట్ట చుట్టేసింది. ట్రస్టును తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు, 2004లో అప్పులోళ్లు వచ్చి నౌరు హౌస్‌తో సహా జప్తు చేసి అమ్ముకున్నారు. ఇంకా ముందే, 2001 నుంచి, ఆస్ట్రేలియాకు పడవల్లో వచ్చే శరణార్థులను తన దీవిలో పెట్టుకుని ఆ డబ్బుతో సర్కారు నడిపించే స్థితికి వచ్చింది. ఆస్ట్రేలియా వద్దన్న మనుషులు, ఆస్ట్రేలియా తవ్విపోసిన దీవి మీద! ఇది రాసేటప్పుడు నాకే కోపమొచ్చింది.

ఇంకో మాట మీ వ్యాపారానికి దగ్గరిది. అక్కడ భూమి సర్కారుది కాదు, కుటుంబాలది. మన పాస్‌బుక్కుల్లో వారసుల పేర్లు పెరిగినట్టు ఒక్కో ముక్కలో వాటాదారులు పెరుగుతూ పోయారు. ఎవరి ముక్క తవ్వితే వాళ్లకు రాయల్టీ. కాబట్టి తవ్వకం నెమ్మదిగా చేద్దామని ప్రెసిడెంటు అన్నా, మా ముక్క ఎప్పుడు తవ్వుతారని అడిగేవాళ్లే ఎక్కువ. ఓటు వేసేది కూడా వాళ్లే కదా.

*

నేను 34 ఏళ్లు బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. టీచరు ప్రెసిడెంటయ్యాడంటే సంతోషం వేసింది. ఆయన ఎన్నాళ్లు పాలించారు, చివరికి ఏమయ్యారు? తవ్విన భూమికి పరిహారం ఏమైనా రాబట్టారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట

నమస్తే మాస్టారూ. 1968 నుంచి 1976 చివరిదాకా తిరుగులేదు. ఆ ఏడాది ఎన్నికల తర్వాత బెర్నార్డ్ డొవియోగో అనే కుర్ర నాయకుడు దింపేశాడు. దిగినవాడు ఊరుకోలేదు, తన మనుషులతో బడ్జెట్ బిల్లులు అడ్డుకుంటూ కూర్చున్నాడు, 1978లో మళ్లీ గద్దెనెక్కాడు. 1986లో రెండుసార్లు కొద్దిరోజులు పోవడం, రావడం. చివరికి 1989 ఆగస్టులో అవిశ్వాసం పెట్టి పంపించారు. అవిశ్వాసం నోటీసు, క్యాంపు రాజకీయం, రాత్రికి రాత్రి గోడ దూకడం, ఇవన్నీ మన ఎంపీపీ, మున్సిపల్ చైర్మన్ ఎన్నికలు చూసినవాళ్లకు కొత్తేం కాదు. నిజం చెప్పాలంటే చివరి పదేళ్లలో ఆయన పదవికి బాగా అలవాటు పడ్డాడు.

కానీ అదే చివరి కాలంలో చేసిన ఒక పని మాత్రం సామాన్యమైంది కాదు. 1986లో శ్రీలంక న్యాయకోవిదుడు క్రిస్టోఫర్ వీరమంత్రి అధ్యక్షతన ఒక విచారణ కమిషన్ వేశాడు. స్వతంత్రానికి ముందు తవ్విన భూములను బాగుచేసే బాధ్యత ఎవరిదో తేల్చమన్నాడు. 1967 బేరంలోనే ఆయన ఈ మాట అడిగాడు, ఆ మూడు దేశాలూ ఒప్పుకోలేదు, మీకు మంచి రేటు ఇచ్చాం కదా, దాంతోనే బాగు చేసుకోండి అన్నాయి. ఆయన సంతకం పెట్టాడు గానీ ఆ మాట వదిలేసినట్టు ఎక్కడా ఒప్పుకోలేదు. కమిషన్ బాధ్యత వాళ్లదేనంది. 1989 మే నెలలో నౌరు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆస్ట్రేలియా మీద కేసు వేసింది. మూడు నెలలకే ఆయన పదవి పోయింది, కేసు మాత్రం నడిచింది.

ఆస్ట్రేలియా వాదన ఏమిటంటే, కేసు చెల్లదు, ఇది ముగ్గురం కలిసి చేసిన పని, ఒక్కరి మీద ఎలా వేస్తారు, పైగా ఇన్నేళ్ల తర్వాతా అని. 1992 జూన్ 26న కోర్టు ఆ అభ్యంతరాల్లో ముఖ్యమైనవన్నీ కొట్టేసి, కేసు వింటామంది. తర్వాత 19 రోజులకు, జూలై 15న, డెరోబర్ట్ మెల్‌బోర్న్‌లో చనిపోయాడు. 69 ఏళ్లు. పూర్తి విచారణ దాకా పోనివ్వకుండా ఆస్ట్రేలియా 1993 ఆగస్టులో రాజీకొచ్చి, 10 కోట్ల 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు ఒప్పుకుంది. 5 కోట్ల 70 లక్షలు నగదు, మిగతాది 20 ఏళ్లలో. బ్రిటన్, న్యూజిలాండ్ చెరి కోటి 20 లక్షలు ఆస్ట్రేలియాకు ఇచ్చాయి.

భూమి బాగుపడిందా అంటే, ఆ సున్నపురాయి కోరలు ఇప్పటికీ చాలావరకు అట్లాగే నిలబడి ఉన్నాయి. పక్క పొలంవాడు కంకర క్వారీ పెడితే మనకు కలెక్టరేట్‌లో అర్జీ పట్టించుకునేవాడు దొరకడు, అలాంటిది పన్నెండు వేల మంది కూడా లేని దేశం ఆస్ట్రేలియాను కోర్టు బోనులో నిలబెట్టింది. మీ వృత్తివాడు మాస్టారూ, హోంవర్కు చేయకుండా తప్పించుకోనివ్వలేదు.

*

అక్కడ క్రికెట్ ఆడతారా సార్?
– వనపర్తి నుంచి ఒక పీఈటీ

అక్కడ ఆటంటే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడేది. జీలాంగ్‌లో చదవడానికి వెళ్లిన పిల్లలు 1930ల్లో నేర్చుకొచ్చి దీవిలో పెట్టారు, వాళ్లలో డెరోబర్ట్ ఒకడు. దానికి తోడు వెయిట్‌లిఫ్టింగ్. 1990 ఆక్లాండ్ కామన్వెల్త్ క్రీడల్లో మార్కస్ స్టీఫెన్ అనే కుర్రాడు నౌరుకు బంగారు పతకం తెచ్చాడు. ఆ బరువులెత్తే కుర్రాడే 2007లో ప్రెసిడెంటయ్యాడు, 2011 దాకా ఉన్నాడు. మీ స్కూల్లో బార్‌బెల్ ఎత్తే పిల్లలుంటే వాళ్లతో కాస్త మర్యాదగా ఉండండి సార్, ఏమో చెప్పలేం.